ఇచ్చిన మొక్కే మిగిలింది

కృష్ణా డెల్టాలో పువ్వులకు కొదువ లేదు. మైలవరం పరిసరాల్లోని తోటల నుంచి వేసవిలో మల్లెమొగ్గలు బుట్టల కొద్దీ విజయవాడ చేరుకుంటాయి. నందివర్ధనాన్ని ఎవరు పట్టించుకున్నా, పట్టించుకోకపోయినా పెరటిలో పూస్తూనే ఉంటుంది. గోరింటను కంచె వెంట నాటి మరచిపోయినా, పండుగనాటికి మన ఆడపిల్లల అరచేతులకు ఆకు అందిస్తుంది. వీటన్నిటి నడుమ ఒక్క మొక్క మాత్రం మన నేలతో సులభంగా రాజీపడదు. అది గంధరాజం. నర్సరీలో నిండుగా పూసి ఉన్న మొక్కను చూసి, ఆ పరిమళానికి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్న కుటుంబాలు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ మొక్క బతికి ఉన్న ఇళ్ళు కొద్ది. తెచ్చిన నెలలోనే మొగ్గలు రాలిపోతాయి. ఆ తరువాత ఆకులు పసుపుబారతాయి. వేసవి దాటేసరికి ఎండుపుల్లలు మిగులుతాయి. "ఆ మొక్క మాకు అచ్చిరాలేదు" అని నిట్టూర్చి ఊరుకుంటాము.

అచ్చిరావడం, అచ్చిరాకపోవడం అనే మాటలను మన ఇళ్ళలో కూడా అలవాటుగా వాడుతుంటారు. శకునాలకు మన ధర్మంలో స్థానం లేదని విద్యార్థులకు పాఠం చెప్పే నావంటివాడు మొక్క విషయంలోనూ ఆ మాటను అంగీకరించలేడు. మొక్క చనిపోవడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం మట్టిలోనో, నీటిలోనో, ఎండలోనో దాగి ఉంటుంది. ఓపికగా వెదికితే దొరుకుతుంది. పన్నెండేళ్ళుగా ఈ మొక్కతో చేసిన సహవాసంలో నాకు తెలిసివచ్చినవి కొన్ని, ఆ సహవాసం మా ఇంటిలో తెచ్చిన మార్పులు కొన్ని, పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలన్నదే నా ఉద్దేశం.

పేరు సంస్కృతం కావడంవల్ల గంధరాజాన్ని మన దేశపు మొక్కగా చాలామంది భావిస్తారు. దాని అసలు నివాసం చైనా, వియత్నాం, జపాన్ మొదలైన తూర్పు దేశాలు. ఐరోపావాసులు దీనిని మొదట చూసినప్పుడు ఆఫ్రికా దక్షిణపు కొన నుంచి వచ్చిందని పొరబడి 'కేప్ జాస్మిన్' అని పిలిచారు. ఆ పొరపాటు పేరు ఇప్పటికీ వాడుకలో ఉన్నది. శాస్త్రీయంగా దీని పేరు 'గార్డీనియా జాస్మినాయిడిస్'. మొదటి మాట విని తోట అనే అర్థమున్న ఇంగ్లీషు పదమనుకుంటారు కానీ, అది ఒక మనిషి పేరు. 18వ శతాబ్దంలో అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో వైద్యం చేస్తూ, మొక్కలనూ జీవరాశినీ శ్రద్ధగా పరిశీలించిన స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ గార్డెన్ గౌరవార్థం లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. రెండవ మాటకు మల్లెను పోలినది అని అర్థం. పోలికే తప్ప మల్లెతో దీనికి చుట్టరికం లేదు. ఇది కాఫీ కుటుంబానికి చెందిన మొక్క. నిగనిగలాడే ఆ ముదురాకుపచ్చ ఆకును కాఫీ ఆకు పక్కన పెట్టి చూస్తే ఆ బంధుత్వం తెలుస్తుంది.

దీని బంధువులు మన అడవుల్లోనూ ఉన్నాయి. తెలుగువారు బిక్కి అని పిలిచే చెట్టు ఈ జాతిదే. దాని చిగుళ్ళ నుంచి కారే బంకను డికమాలి పేరుతో యునానీ, ఆయుర్వేద వైద్యులు మందులలో వాడుతారు. ఒంటిరేకు గంధరాజం కాయలు కాస్తుంది. ఆ కాయలలో ఉండే పసుపురంగు పదార్థం, మన విందు వంటకాలలో వాడే కుంకుమపువ్వుకు రంగునిచ్చే పదార్థం ఒకటే. చైనాలో ఆ కాయలతో వస్త్రాలకూ, ఆహారానికీ రంగు వేసేవారు. మన నర్సరీలలో దొరికే ముద్దపువ్వు రకం సాధారణంగా కాయదు. దాని సంపద అంతా సువాసనలోనే ఉన్నది.

ఈ మొక్క మా ఇంటికి రావడానికి కారణం మా తల్లిగారు. కంటి నరం దెబ్బతిని, వైద్యులు ఎంత ప్రయత్నించినా ఫలితం లేక, 2013 నాటికి ఆమె చూపు పూర్తిగా పోయింది. అప్పటికి మా నివాసం విజయవాడ సింగ్‌నగర్ వైపు, మదరసాను ఆనుకొని ఉన్న రెండు గదులలో. అమ్మీజాన్ తన బాధను ఎన్నడూ బయటికి చెప్పుకునే మనిషి కాదు. ఒకరోజు మాత్రం, ఇషా తరువాత కాళ్ళు ఒత్తుతుంటే, నెమ్మదిగా అన్నారు: "కళ్ళు పోయాక పగలూ రాత్రీ ఒకటే అయ్యాయి బేటా. అజాన్ వింటే పూట తెలుస్తున్నది. ఏ కాలమో మాత్రం తెలియడం లేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మన కేలండరు చంద్రుణ్ణి అనుసరించేది. రమజాన్ ఒక తరంలో చలికాలంలో వస్తుంది, మరొక తరంలో మండువేసవిలో వస్తుంది. నెల పేరు చెప్పినంతమాత్రాన కాలం తెలియదు. చూపున్నవారు చెట్టును చూసో, ఆకాశాన్ని చూసో తెలుసుకుంటారు. చూపులేని మనిషికి కాలం తెలియాలంటే అది ముక్కు ద్వారానో, చర్మం ద్వారానో రావాలి. బందరులో గడచిన తన బాల్యంలో బంధువుల ఇంటి ముంగిట గంధరాజం చెట్టు ఉండేదనీ, అది పూసిందంటే చలి వెళ్ళిపోయినట్టనీ ఆమె ఎప్పుడో చెప్పిన మాట గుర్తుకొచ్చింది. 2014లో ఒక మొక్క తెచ్చి ఆమె కిటికీ కింద పెట్టాను.

మొదటి సంవత్సరమే దాని స్వభావం బయటపడింది. లేత ఆకులు పసుపుబారసాగాయి. ఆకు అంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. ఎరువు చాలడం లేదన్నారు కొందరు, నీళ్ళు ఎక్కువయ్యాయన్నారు మరికొందరు. కడియం నుంచి లారీలో మొక్కలు తెచ్చి మా వీధులలో తిరిగి అమ్మే ఒక పెద్దాయన ఆ ఆకును చేతిలోకి తీసుకొని, వెలుతురుకు పట్టి చూసి, ఒక్క మాటలో తేల్చాడు: "దీనికి తిండి లేక కాదండి సాయిబుగారూ. ఎదురుగా కంచంలో అన్నం ఉందండి, తినలేకపోతోందండి."

ఆయన చదువుకున్నవాడు కాదు. కానీ వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది సరిగ్గా అదే. ఆకు పచ్చగా ఉండాలంటే ఇనుము కావాలి. మన డెల్టా నల్లమట్టిలో ఇనుము లేకపోలేదు. కానీ ఈ మట్టికి క్షారగుణం ఎక్కువ. ఉదజని సూచిక 7 దాటి, చాలాచోట్ల 8 దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో ఇనుము నీటిలో కరగకుండా బిగుసుకుపోతుంది. గంధరాజానికి కావలసింది పులుపువైపు మొగ్గే నేల. సూచిక 5, 6 మధ్య ఉంటే దానికి సుఖం. నందివర్ధనం ఎలాగో సర్దుకుంటుంది. గంధరాజం సర్దుకోలేదు. దానిని మొండిది అంటాము కానీ, అది మరొక నేలకు పుట్టిన బిడ్డ. అంతే.

మట్టి ఒక్కటే కాదు, నీరు కూడా దానికి పరీక్షే. మా ప్రాంతపు బోరునీటిని బకెట్టులో నాలుగురోజులు ఉంచితే అంచున తెల్లని పొర కడుతుంది. ఆ సున్నమే రోజూ కుండీలోకి చేరుతుంది. ఎంత మంచి మట్టితో నాటినా ఏడాదికి దాని గుణం మారిపోతుంది. కాలువనీరు మెత్తనిదే కానీ వేసవిలో కాలువలు కట్టేస్తారు. మొక్కకు నీటి అవసరం ఎక్కువయ్యేదీ అప్పుడే. మదరసా పిల్లలు ఉత్సాహంగా ఒక సలహా చెప్పారు: "హజ్రత్, వుజూ చేసిన నీళ్ళు వృథాగా పోతున్నాయి కదా, వాటిని పోద్దాం." ఆలోచన మంచిదే. ఆ నీటిని కొబ్బరిచెట్టుకు మళ్ళించాము. గంధరాజానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే అదీ బోరునీరే. చివరికి పరిష్కారం మసీదు గోడ మీదనే కనిపించింది. ఏసీ గొట్టం నుంచి బొట్లుబొట్లుగా కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది. దానిలో సున్నం ఉండదు. ఆ గొట్టం కింద ఒక డబ్బా పెట్టించాను. జుహర్ నుంచి ఇషా వరకు నిండిన నీటిని మరునాడు ఫజర్ తరువాత ఇద్దరు పిల్లలు వంతులవారీగా మొక్కకు పోసేవారు. వానాకాలంలో చూరునీరు పట్టి నిల్వ చేసేవాళ్ళము.

మట్టిని కూడా మార్చాము. నూజివీడు వైపు నుంచి తెప్పించిన ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మగ్గిన ఆకుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు కలిపి, అడుగున పెంకులు పరచిన మట్టికుండీలో నాటాము. కొత్త సిమెంటు కుండీ వాడవద్దని కడియం పెద్దాయన గట్టిగా చెప్పాడు. సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగుతుంది. మన ఇళ్ళలో మొక్కలకు ప్రేమతో వేసే కోడిగుడ్ల పెంకులు, పొయ్యిలోని బూడిద ఈ మొక్కకు శత్రువులు. ఇతర మొక్కలకు మేలుచేసేదే దీనికి కీడు చేస్తుంది.

పసుపుబారిన ఆకులకు మన రైతులు ఏనాటినుంచో ఎరిగిన మందు ఉన్నది: అన్నభేది. వేరుశనగలో ఇనుపధాతు లోపం కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేస్తారు. కుండీమొక్కకు నేను అందులో సగం మోతాదే వాడాను. సాయంత్రం ఎండ తగ్గాక, వారానికొకసారి, మూడు నాలుగు వారాలు. నిమ్మ ఉప్పు కలపకపోతే అన్నభేది త్వరగా తుప్పురంగుకు మారి పనికిరాకుండా పోతుంది. గోడ మీద, బట్టల మీద పడితే మరక పోదు. కొత్తగా వచ్చే ఆకులలో పచ్చదనం తిరిగిరావడం ముందు కనిపిస్తుంది; పాత ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఎండ విషయంలో దీని కోరిక విచిత్రమైనది. ఎండ లేకపోతే పూయదు; మన పడమటి ఎండ తగిలితే మాడిపోతుంది. ఉదయం పదింటివరకు ఎండ, ఆ తరువాత నీడ ఉండే తూర్పుగోడ దీనికి అనువైన చోటు. డాబా మీద వేడి దీనికి గిట్టదు. రోహిణీ కార్తెలో కుండీ చుట్టూ తడిపిన గోనెసంచి చుట్టేవాళ్ళము. పిండినల్లి, తెల్లదోమ పడితే ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద నల్లని మసి ఏర్పడతాయి. కొమ్మల వెంట చీమల బారు కనిపించిందంటే పురుగు వచ్చినట్టే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లితే అదుపులో ఉంటుంది.

అన్నిటికంటే ఓర్పును పరీక్షించేది మొగ్గ రాలడం. చలికాలపు చల్లని రాత్రులలో మొగ్గలు రూపుదిద్దుకుంటాయి. అవి విచ్చుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాలలో ఒకరోజు మట్టి పూర్తిగా ఎండినా, మరొకరోజు నీరు నిలిచినా, హఠాత్తుగా వేడి పెరిగినా, కుండీని ఒకచోటి నుంచి మరొకచోటికి కదిపినా మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. కొమ్మలు కత్తిరించదలచుకుంటే పూత అయిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యం చేస్తే రాబోయే మొగ్గలను మన చేతులతో మనమే తీసివేసినట్టు. హిఫ్జ్ తరగతిలో కొందరు పిల్లలు ఉంటారు. వారిని ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ కూర్చోబెడితే నేర్చినదీ పోతుంది. ఒకేచోట, ఒకే వేళకు, కొద్దికొద్దిగా చెప్పితే ఆలస్యంగానైనా సూరా పూర్తిచేస్తారు. గంధరాజం ఆ కోవలోనిది.

2016 ఫిబ్రవరి చివరలో ఒక సాయంత్రం మొదటి పువ్వు విచ్చింది. తహజ్జుద్‌కు లేచేసరికి అమ్మీజాన్ అప్పటికే కిటికీ దగ్గర కూర్చొని ఉన్నారు. "చలి వెళ్ళిపోయింది" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. తెల్లని రేకులు రెండు మూడు రోజులలో వెన్నరంగుకు, ఆపై పసుపుకు మారాయి. రంగు మారినా వాసన పోలేదు. ఆ రంగుల మార్పు ఆమెకు అక్కరలేదు కదా!

పరిమళం పట్ల మనకు ప్రత్యేకమైన గౌరవం ఉన్నది. సువాసన గల రెమ్మను ఎవరైనా ఇస్తే కాదనవద్దనీ, అది మోయడానికి తేలిక, వాసనకు హితం అనీ దైవప్రవక్త (స) బోధించిన విషయం మనకు తెలిసినదే. కాదనకూడదని పుచ్చుకునేవారికి బోధ ఉన్నప్పుడు, ఇవ్వగలిగినవారు చేయి ముడుచుకోవడం భావ్యం కాదనిపించింది. 2018 నుంచి ప్రతి వానాకాలం గాలి అంట్లు కట్టసాగాను. పెన్సిలు మందం ఉన్న కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడిపిన నాచునో కొబ్బరి పొట్టునో ముద్దగా పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండువైపులా గట్టిగా కట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలలో కాగితంలోంచి తెల్లని వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు కోసి, నీడలో నాటాలి. ఆరు వానాకాలాలలో తొమ్మిది మొక్కలు ఇచ్చాను. ఒకటి వీధి చివర కిరాణాకొట్టు నడిపే పెద్దావిడకు, ఒకటి అవనిగడ్డ వైపు విద్యార్థి ఇంటికి, ఒకటి నూజివీడులో కాపురమున్న మా అమ్మాయికి, మిగిలినవి ఇరుగుపొరుగువారికి. ఇచ్చిన ప్రతిసారీ మా మొక్క ఒక కొమ్మ కోల్పోయేది. "ఉన్న ఒక్క చెట్టునూ బోడి చేస్తున్నారు" అని మా ఇంటావిడ నవ్వుతూనే మందలించేది.

2024 ఆగస్టు 31న ఎడతెరిపి లేని వాన కురిసింది. మరునాడు ఆదివారం బుడమేరు నీరు మా వీధులలోకి వచ్చింది. గంటలలోనే మోకాలు, నడుము, ఆపై మనిషి లోతు. మరోవైపు కృష్ణ కూడా ఉగ్రరూపం దాల్చి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. మదరసా పిల్లలను, అమ్మీజాన్‌ను మసీదు పై అంతస్తుకు చేర్చాము. ఎనభై నాలుగేళ్ళ ఆమెను పెద్ద తరగతి విద్యార్థి ఒకడు వీపు మీద మోసుకెళ్ళాడు. నాలుగు రోజులు అక్కడే. హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహారపు పొట్లాలు అందించాయి. పడవలలో వచ్చిన యువకులు మతమేమిటో అడగకుండా అందరికీ మంచినీళ్ళు పంచారు. బుడమేరు గండ్లను సైన్యం తోడ్పాటుతో పూడ్చారు. నీరు తీసి మేము దిగివచ్చేసరికి గదులలో మోకాటి కింది వరకు బురద. కితాబులు ఉబ్బి, అట్టలు విడిపోయి ఉన్నాయి. కిటికీ కింద కుండీ అక్కడే ఉన్నది కానీ, మొక్క బురదపూత పూసుకొని నిలబడి ఉన్నది.

నీట మునిగిన మట్టిలో వేళ్ళకు గాలి అందదు. గంధరాజం వేళ్ళు సన్ననివి, ఊపిరికి ఆరాటపడేవి. బురద కడిగాము, మట్టి మార్చాము, కుళ్ళిన వేళ్ళు కత్తిరించాము. మూడు వారాలలో ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి, కొమ్మలకే అతుక్కొని ఎండిపోయాయి. చుట్టుపక్కల ఇళ్ళవారు వస్తువులు, వాహనాలు, దాచుకున్న బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు పోగొట్టుకొని ఏడుస్తున్న వేళ ఒక పూలమొక్క కోసం దిగులుపడడానికి నాకే సిగ్గనిపించి, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇంట్లో మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. అమ్మీజాన్‌కు ఏమి చెప్పాలి? అక్టోబరు గడిచింది, నవంబరు వచ్చింది. మొగ్గ కట్టిందా అని ఆమె అడుగుతున్నారు. బంధువొకరు దయతోనే ఒక ఉపాయం చెప్పారు: "గంధరాజం అత్తరు దొరుకుతుంది. ఫిబ్రవరిలో కిటికీ తెరకు రెండు చుక్కలు అద్దండి. పెద్దావిడ సంతోషిస్తుంది. చూడలేదు కదా!" ఆ సలహాలో దురుద్దేశం లేదు. కానీ నాకు మనసొప్పలేదు. ఆ పువ్వు నుంచి పరిమళాన్ని నేరుగా తీయడం చాలా కష్టం. ఆ పేరున అమ్మేవాటిలో అధికభాగం వేరే ద్రవ్యాలను కలిపి తయారుచేసినవే. ఆ అత్తరుకు తన తావు ఉన్నది. కిటికీ వద్ద దానిని పువ్వుగా చెప్పడం మాత్రం వేరు. కాలం తెలియడం కోసమే కదా ఆ మొక్కను పెంచింది! చూపులేని తల్లికి లేని కాలాన్ని చూపించడం ఆమె మీద ప్రేమ అనిపించుకోదు. ఆమెకు మిగిలిన ఒక గుర్తును కూడా అబద్ధం చేసినట్టవుతుంది.

ఆ రాత్రే చెప్పాను. మొక్క వరదలో పోయిందనీ, సెప్టెంబరు చివరికే ఎండిపోయిందనీ, బతికించడానికి చేయగలిగినదంతా చేశామనీ చెప్పాను. ఆమె ఇన్నాలిల్లాహ్ పలికి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత మెల్లగా అడిగారు: "మన కుండీలోది పోయింది, సరే. నూజివీడు పంపినది ఉంది కదా?"

ఉన్నది! మా అమ్మాయి దానిని కుండీలో కాక నేలలోనే నాటింది. అక్కడిది ఎర్రమట్టి. మామిడితోటల నీడ. మేము ఎన్నో తంటాలు పడి కుండీలో కల్పించినది ఆ నేలకు పుట్టుకతోనే ఉన్నది. ఆ మొక్క మనిషి ఎత్తు దాటిందని అమ్మాయి ఎన్నోసార్లు ఫోనులో చెప్పింది. నేను ఇచ్చిన తొమ్మిదింటిని లెక్క వేసుకున్నాను. మా వీధులలోనివి మూడు వరదకు పోయాయి. అవనిగడ్డదీ, మరొకటీ అంతకుముందే ఉప్పునీటికి తట్టుకోలేకపోయాయి. నాలుగు బతికి ఉన్నాయి. దగ్గర ఉంచుకున్న ఒక్కటీ లేదు.

మదరసాలో ఎన్నోసార్లు చెప్పిన ఒక హదీసు అప్పుడు కొత్తగా అర్థమయింది. ఇంటిలో మేకను కోసి మాంసం పంచిపెట్టిన తరువాత ఏమి మిగిలిందని దైవప్రవక్త (స) అడగగా, భుజం భాగం ఒక్కటే మిగిలిందని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) విన్నవించారు. ఆ భుజం తప్ప మిగిలినదంతా ఉన్నట్టేనని ఆయన సెలవిచ్చారు. పరలోకపు లెక్క గురించి చెప్పిన మాట అది. దానిని పూలకుండీకి దించడం సాహసమే కావచ్చు. అయినా, పెద్ద సత్యాలు చిన్న వస్తువులలో కూడా తమ నీడను చూపిస్తాయి.

2025లో రమజాన్ మార్చి మొదట్లో ఆరంభమైంది. మొదటి వారంలో ఒక సాయంత్రం నూజివీడు బస్సులో వచ్చిన బంధువొకరు ఒక స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చారు. సగం విచ్చిన మూడు పువ్వులు, కాడలకు తడిదూది చుట్టి, రేకులకు వేలు తగలకుండా అమర్చి ఉన్నాయి. వేలు తగిలితే ఆ రేకు గోధుమరంగుకు మారుతుందని అమ్మాయికి తెలుసు. ఇఫ్తార్‌కు ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నది. డబ్బా మూత అమ్మీజాన్ ముందు తీశాను. ఆమె వంగి, కళ్ళు మూసుకొని, కొంతసేపు అలాగే ఉండిపోయారు. తరువాత అన్నారు: "అయితే ఈసారి రమజాన్ చలి వెళ్ళేవేళ వచ్చిందన్నమాట."

ఆ ఏడాది వానాకాలంలో నూజివీడు చెట్టుకు అమ్మాయి గాలి అంటు కట్టి, సెప్టెంబరులో కోసి పంపింది. అదే ఎర్రమట్టి, అదే ఏసీ నీరు, తూర్పుగోడ. ఈ సంవత్సరం అది అయిదు మొగ్గలు వేసింది. మూడు రాలిపోయాయి. రెండు విచ్చాయి. లేతమొక్కకు రెండు చాలు.

మా వీధి పల్లపు వీధి. బుడమేరు మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కుండీని అరుగు మీద పెట్టినా మనిషి లోతు నీటికి అరుగు అడ్డురాదు. కనుక ఈ వానాకాలం ఆ మొక్క కొమ్మలు కాస్త గట్టిపడితే ఒక అంటు కట్టి, మైలవరం వైపు ఉన్న మా పూర్వ విద్యార్థి ఇంటికి పంపాలని నిశ్చయించుకున్నాను. మీ ఇంటిలో గంధరాజం బతికి ఉంటే మీరూ అలాగే చేయండి. జూలై, ఆగస్టులలో ఒక కొమ్మకు అంటు కట్టండి. వేళ్ళు రాగానే మీ వీధిలో కాక, వేరే మట్టి, వేరే నీరు ఉన్న చోట ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పి ఇవ్వండి: బోరునీరు పోయవద్దు, బూడిద వేయవద్దు, మొగ్గ కట్టాక కదపవద్దు.